ముప్ఫై ఆరు తొక్కులు

"వాళ్ళు ఎత్తుకెళ్ళింది మీ అక్కని," అన్నాడు పెద్దాయన.

ఏజెంట్ ఇరవై మూడు కుర్చీలో కూర్చోబోతూ ఆగిపోయాడు. ఉదయం తొమ్మిది పది. జిరాక్స్ మెషీన్లు రిపేరు చేసే షాపు వెనక గది. డిపార్ట్‌మెంట్ పదేళ్ళుగా ఈ గదిలోంచే నడుస్తోంది. ఆ పదేళ్ళలో ఒక్క జిరాక్స్ మెషీనూ బాగుపడి బయటికి పోలేదు.

"ఎప్పుడు సార్?"

"నిన్న సాయంత్రం, ట్యూషన్ ముగించుకుని వస్తుంటే."

లోకానికి ఆవిడ లెక్కల టీచరు. డిపార్ట్‌మెంట్‌కి ఆవిడ సైఫర్ సెక్షన్. విదేశీ ముఠా ఎనిమిది నెలలు కష్టపడి తయారు చేసుకున్న కోడ్‌ని పోయిన నెల రెండు రాత్రుల్లో విప్పి పారేసింది. ఇరవై మూడుకి మాత్రం ఆవిడ అక్క. తల్లి పోయాక అన్నం కలిపి పెట్టింది ఆవిడే, లెక్క తప్పితే నెత్తిన మొట్టికాయ వేసిందీ ఆవిడే. తుపాకీలకి భయపడని మనిషి ఇప్పటికీ ఆ మొట్టికాయకి భయపడతాడు.

పెద్దాయన మ్యాప్ పరిచాడు. "విదేశీ ట్రేడ్ మిషన్ గోడౌన్. ఆ గోడ లోపల మన చట్టం చెల్లదు. లోపల ఒక ట్రక్కు. దాని బాడీలో, క్యాబిన్‌కి ఆనుకుని ఒక దొంగ గోడ. గోడకీ క్యాబిన్‌కీ మధ్య ఇనుప పెట్టె. అందులో మీ అక్క, ఒక ఆక్సిజన్ సిలిండర్. పన్నెండున్నరకి ఓడ. సిలిండర్ పన్నెండూ నలభై దాకా వస్తుంది."

"దార్లో ఆపేద్దాం."

"మిషన్ సీలున్న బండిని ఆపే హక్కు ఎవరికీ లేదు." పెద్దాయన వేలు పోర్టు గేటు దగ్గర ఆగింది. "ఇక్కడ వేబ్రిడ్జి ఉంది. ప్రతి బండీ తూకం వేయించుకోవాల్సిందే. తూకం పలక మీద బండి చెడిపోతే, ఎవరి సీలున్నా సరే, పోర్టు వాళ్ళు లాక్కెళ్ళి సరుకు దించొచ్చు. రూల్ పదకొండు. నడిచే బండిని ఎవరూ ముట్టుకోలేరు. అక్కడ ఆగిపోయిన బండి మీద అందరికీ హక్కే."

"అంటే ట్రక్కు గోడౌన్ దాటాలి. వేబ్రిడ్జి మీద చావాలి."

"ఒక గజం ముందూ కాదు, వెనకా కాదు. ముందే రోడ్డు మీద ఆగితే వేరే బండి తెప్పిస్తారు. అంతసేపు సిలిండర్ రాదు. దాటిపోతే ఓడ ఎక్కేస్తుంది."

"లోపలికి ఎలా వెళ్ళను?"

"లోపల మన మనిషి ఉన్నారు. ఎనిమిదో నంబర్. మగో ఆడో నాకూ తెలీదు, చీటీలు మాత్రమే వస్తాయి. ఈ తెల్లవారుజామున ఆ ట్రక్కు క్లచ్ పోయేలా చేశారు. వాళ్ళు గరాజ్‌కి ఫోన్ చేశారు. ఆ ఫోన్ ఎత్తింది మనం. రెండేళ్ళు లారీ గరాజ్‌లో మారువేషంలో ఉన్నావుగా, ఈ రోజుకి ఆ పని పనికొస్తుంది."

"ఎనిమిదిని గుర్తుపట్టేదెలా?"

"పనిలో ఒక తప్పు చేస్తారట. పని వచ్చినవాళ్ళు కలలో కూడా చెయ్యని తప్పు. గుర్తుపట్టినా మాట్లాడకు. మాట్లాడితే ఇద్దరూ పోతారు. ఎవరి పని వాళ్ళు చూసుకోండి."

పెద్దాయన ఒక పదకొండు నంబర్ స్పానర్ బల్లమీద పెట్టాడు. పిడిలో ట్రాన్స్‌మిటర్. నొక్కితే చాలు, డిపార్ట్‌మెంట్ మొత్తం వింటుందన్నాడు.

* * *

పదకొండు కావస్తుండగా గోడౌన్ షట్టర్ ఇరవై మూడు వెనకాల దిగిపోయింది. మూడు తాళాలు పడిన చప్పుడు వరసగా వినిపించింది. కిటికీ లేదు. నాలుగు గోడలూ ఇనుప రేకు, పైకప్పూ ఇనుప రేకు. స్పానర్ పిడి మీది ఎర్ర చుక్క సిగ్నల్ అందక రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. డిపార్ట్‌మెంట్ పరిశోధన అంతా కలిసి ఒక మామూలు స్పానర్‌ని తయారు చేసినట్టయింది. కనీసం అది నట్టుకి సరిపోతుందిలే అనుకున్నాడు.

"ఎంతసేపు?"

అడిగినవాడిని డిపార్ట్‌మెంట్ ఫైళ్ళలో నిమ్మళం అంటారు. ఎప్పుడూ గొంతు పెంచడు. మనుషుల్ని చంపమని చెప్పేటప్పుడు కూడా మంచినీళ్ళు అడిగినట్టే అడుగుతాడని ప్రతీతి. బూడిదరంగు సూటు, చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"చూడందే ఎలా చెప్పను సార్? రోగం తెలియకుండా మందేస్తే బండి ఒప్పుకోదు," అన్నాడు ఇరవై మూడు, మెకానిక్ నసుగుడుతో. గోళ్ళలోకి మడ్డి పట్టించుకోవడానికి అతనికి అరగంట పట్టింది.

క్యాబిన్ మెట్టు మీద ఒకావిడ నిలబడి ఉంది. చలువ కళ్ళద్దాలు, మోచేతుల దాకా తెల్లటి గ్లవ్స్. ముఠా ఎప్పుడు సరిహద్దు దాటినా ముందు సీట్లో కూర్చునే మేడమ్. కాగితాలు అడగడానికి వచ్చిన ఆఫీసర్లు ఆవిడని చూసి కాగితాల సంగతి మర్చిపోతారట. ఇరవై మూడు మర్చిపోకూడదని గట్టిగా అనుకుని బండివైపు తిరిగాడు.

ట్రక్కు డ్రైవరు, మెడలేని మనిషి, గోల పెట్టాడు. "పెడల్ నేలకి అంటుకుపోతోందన్నా. ఇంజన్ ఆపితే గేరు పడుద్ది. స్టార్ట్ చేస్తే కరకరలాడుతుంది, పడదు."

"అయితే క్లచ్ ప్లేటు బానే ఉంది. వదలటమే లేదు," అన్నాడు ఇరవై మూడు. "నువ్వు తొక్కింది ఆయిల్ ద్వారా కిందకి అందట్లా. మధ్యలో గాలి చేరింది. గాలిని తొక్కితే అది ముడుచుకుంటుంది గానీ పని చెయ్యదు."

బానెట్ కింద డబ్బా చూశాడు. క్లచ్‌కి పోసే బ్రేక్ ఆయిల్ అడుగుకి దిగిపోయి ఉంది. ఆయిల్ పోయిందంటే ఎక్కడో కారుతోంది. అట్టముక్క పరుచుకుని ట్రక్కు కిందకి దూరాడు. గేర్‌బాక్స్ పక్కన, క్లచ్‌ని నెట్టే చిన్న స్లేవ్ సిలిండర్. దాని రబ్బరు తొడుగు పక్కకి లాగి వేలు పెట్టాడు. పొడి. గొట్టం పొడవునా చేత్తో తడిమాడు. పొడి.

"మేడమ్, పెడల్ దగ్గర మ్యాట్ ఎత్తి చూడండి. పైన మాస్టర్ సిలిండర్ ఉంటుంది. పైపు జాయింట్ దగ్గర తడిగా ఉందా?"

క్షణం ఆలస్యం. "లేదు. పొడిగానే ఉంది."

కింద తడి లేదు, పైన తడి లేదు. మరి ఆయిల్ ఎటు పోయినట్టు? ఇంకోసారి అడుగుదామనుకున్నాడు. బూడిదరంగు ప్యాంటు కాళ్ళు రెండు అతని తల దగ్గరికి వచ్చి ఆగాయి. నోరు మూసుకున్నాడు.

ట్రక్కు కింద మనిషికి ఉన్న స్థలం జానెడు. ఛాతీకి పైన ఎనిమిది టన్నులు, తలకి పక్కన పిస్టల్. అన్నిటికంటే దారుణం, మూడడుగుల దూరంలో, రేకు వెనకాల, అక్క. బంధించింది ఆవిడనైతే ఊపిరాడనిది తనకి. స్పానర్‌తో ఛాసిస్‌ని తట్టాడు, నట్టు వదులు చేస్తున్నట్టుగా. రెండు, ఒకటి, రెండు. చిన్నప్పుడు అక్క వేసే మొట్టికాయల వరస అది.

తర్వాత లోపల్నుంచి సన్నగా, టక్ టక్. టక్. టక్ టక్.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెల్లకిలా పడుకున్నాడేమో, అవి చెవుల్లోకి జారాయి.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు నిమ్మళం.

"నట్టు పట్టేసింది సార్. ఎయిర్ తియ్యాలి. ఇద్దరు మనుషుల పని. ఒకరు పైన తొక్కాలి, ఒకరు కింద గాలి పోయే నిపుల్ మర విప్పాలి."

డ్రైవరు క్యాబిన్ ఎక్కబోయాడు. మేడమ్ అడ్డం నిలబడింది. "నేను తొక్కుతాను. నువ్వెళ్ళి గేటు దగ్గర కాగితాలు చూడు."

డబ్బా నింపారు. నిపుల్‌కి సన్నటి ట్యూబ్ తగిలించి, రెండో కొస కాస్త ఆయిల్ పోసిన సీసాలో ముంచాడు ఇరవై మూడు.

"నాలుగుసార్లు తొక్కి పట్టుకోండి మేడమ్. నేను వదలమనేదాకా కాలు తియ్యకూడదు. నిపుల్ తెరిచి ఉండగా కాలు తీస్తే పోయిన గాలి మళ్ళీ లోపలికి వస్తుంది."

పైన నాలుగు తొక్కులు. "పట్టుకున్నాను."

నిపుల్ అరతిప్పు విప్పాడు. సీసాలో బుడబుడమని బుడగలు. బిగించాడు. "వదలండి." మళ్ళీ నాలుగు. మళ్ళీ బుడగలు, ఈసారి చిన్నవి. డబ్బాలో ఆయిల్ దిగనివ్వకుండా మేడమ్ మధ్యమధ్యలో దిగి పోస్తోంది. ఆ తెల్ల గ్లవ్స్ మీద ఒక్క చుక్క పడటం లేదు. ఏడోసారికి బుడగలు ఆగిపోయాయి.

"చివరిసారి. పట్టుకోండి."

"పట్టుకున్నాను."

నిపుల్ విప్పాడో లేదో, పైన పెడల్ ఠప్పుమని లేచిపోయింది. ట్యూబ్ నిపుల్ కొస నుంచి ఊడి వేలాడుతున్న క్షణంలోనే అది జరిగింది. నిపుల్ గుటుక్కున గాలి మింగింది.

"అయ్యో, కాలు జారింది," అంది మేడమ్.

ఏడుసార్లు రాయిలా పట్టుకున్న కాలు ఎనిమిదోసారికి జారింది. ఎనిమిదోసారికి. ఇరవై మూడు గుండె ఒక్కసారి తేలికపడింది. ఈ రేకుల డబ్బాలో తను ఒంటరి కాదు.

"పర్లేదు మేడమ్, మొదటిసారి అందరికీ జరిగేదే," అన్నాడు పైకి. మళ్ళీ గాలంతా తీశాడు. ఈసారి కాలు జారలేదు.

ఇక మిగిలింది తన పని. నిపుల్‌ని పూర్తిగా బిగించకుండా వెంట్రుక మందం వదిలేస్తే, తొక్కిన ప్రతిసారీ అక్కడ కాస్త ఆయిల్ కారుతుంది. ఎంత? ఇక్కడే అతనికి చెమటలు పట్టాయి. లెక్కలంటే మొదటినుంచీ మొట్టికాయలే. గేటు దగ్గర రెండు తొక్కులు. రెండు మలుపులకి ఎనిమిది. మూడు సిగ్నళ్ళకి, ఆగి కదలడానికి ఏడేసి చొప్పున, ఇరవై ఒకటి. వేబ్రిడ్జి ఎక్కి ఆగడానికి అయిదు. మొత్తం ముప్ఫై ఆరు. డబ్బాలో పట్టేది ముప్ఫై ఆరు చెంచాలని కంటితో అంచనా వేశాడు. తొక్కుకి చెంచాడు. ముప్ఫై ఏడోసారి కాలు పెడితే కింద ఏమీ ఉండకూడదు.

నిపుల్‌ని అటూ ఇటూ జరిపి, పెడల్ తొక్కించి, కారిన చెంచాడు ఆయిల్ని అరచేతిలో పట్టి చూసుకున్నాడు. సరిపోయింది. కారేది కనపడకుండా వేస్ట్ గుడ్డ దూర్చి బయటికి పాకాడు. మేడమ్ డబ్బాని అంచుదాకా నింపి మూత బిగించింది.

నిమ్మళం స్వయంగా పెడల్ తొక్కి చూశాడు. గట్టిగా ఉంది. గేరు వెన్నలా పడింది.

"మంచి పనివాడివి."

"సెలవిప్పించండి సార్, వేరే గరాజ్‌లో పనుంది."

"నువ్వూ ఎక్కు," అన్నాడు నిమ్మళం, అంతే నిమ్మళంగా. "దార్లో పాడైతే నువ్వే బాగుచెయ్యాలి. బాగుపడకపోతే నువ్వూ ఉండవు."

* * *

డ్రైవరు స్టీరింగ్ దగ్గర. పక్క సీట్లో మేడమ్. వెనక బెంచీ మీద ఇరవై మూడు, అతని పక్కటెముకల్లో పిస్టల్, దాని వెనక నిమ్మళం. వీపుకి రేకు తగులుతోంది. రేకుకి అవతల అక్క. గడియారం పదకొండూ యాభై రెండు.

గేటు. ఒకటి, రెండు. మొదటి మలుపు. మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఇరవై మూడు కళ్ళు డ్రైవరు ఎడమకాలికి అతుక్కుపోయాయి. మొదటి సిగ్నల్ ఎర్రగా ఉంది. పదమూడుకి చేరేసరికి డ్రైవరు మొహం చిట్లించాడు.

"పెడల్ కిందకి దిగుతోందన్నా."

అప్పుడే దిగడమేమిటి? తన లెక్క ప్రకారం డబ్బాలో ఇంకా ఇరవై మూడు చెంచాలుండాలి. ముక్కుకి ఘాటుగా బ్రేక్ ఆయిల్ వాసన తగిలింది. కింద నిపుల్ దగ్గర కారితే క్యాబిన్‌లోకి వాసనెందుకు వస్తుంది? చూపు పెడళ్ళ కిందకి పోయింది. మ్యాట్ అంచున తడి మెరుస్తోంది.

పొడిగానే ఉంది, అంది ఆవిడ.

అద్దంలోంచి మేడమ్ కళ్ళద్దాలు అతని వైపు తిరిగాయి. ఆవిడ పెదాలు పాలిపోయి ఉన్నాయి. ఆవిడా లెక్కపెడుతోంది! ఇరవై మూడు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఎనిమిదో నంబర్ తన పని తను చూసుకుంది. పై జాయింట్‌ని వెంట్రుక మందం వదిలింది, బహుశా తొక్కుకి చెంచాడు చొప్పున, ముప్ఫై ఆరుకి సరిపడా. తను కింద అదే లెక్కతో నిపుల్ వదిలాడు. రెండు చోట్లా కారుతోంది. ముప్ఫై ఆరులో సగం పద్దెనిమిది.

పద్నాలుగు. పదిహేను. రెండో మలుపు. పదహారు, పదిహేడు.

పద్దెనిమిదోసారి కాలు పెట్టగానే పెడల్ నేలకి పడి లేవలేదు. రెండో సిగ్నల్ దగ్గర ట్రక్కు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. టైము పన్నెండూ నాలుగు.

నిమ్మళం పిస్టల్ ఇంకాస్త లోపలికి గుచ్చాడు. "బాగుచెయ్."

"ఆయిల్ లేదు సార్. సీసా గోడౌన్లో ఉండిపోయింది."

"అయితే రెండో బండి తెప్పిస్తాను. పెట్టె మారుస్తాం. నీతో పని లేదు." ఫోన్ తీశాడు. "గంట పడుతుందా? ఓడని ఆపించండి."

గంట! సిలిండర్‌లో మిగిలింది ముప్ఫై ఆరు నిమిషాలు. ఇరవై మూడు వీపు వెనక రేకు మీద టక్ టక్ వినిపించింది. చాలాసేపటికి ఇంకొక టక్. వరస పూర్తి కాలేదు. మొట్టికాయల వరస అక్క ఏనాడూ మధ్యలో ఆపలేదు. తన తెలివితేటలతో అక్కని తనే నడిరోడ్డు మీద ఆపేశాడు.

"నేను నడుపుతాను," అన్నాడు.

"క్లచ్ లేకుండానా?"

"ఆపి స్టార్ట్ చెయ్యటం తప్ప మిగతావన్నీ చెవితో చెయ్యొచ్చు సార్. ఇంజన్ చప్పుడు గేరుతో కలిస్తే లివర్ దానంతటదే పడుతుంది. పావుగంటలో ఓడ దగ్గరుంటాం."

మేడమ్ వాచీ చూసుకుని, "ఓడ ఆగదు. వీడే దిక్కు," అంది.

డ్రైవరు వెనక బెంచీకి, ఇరవై మూడు స్టీరింగ్ దగ్గరికి మారారు. ఇరవై మూడు ఆపి ఉన్న ఇంజన్‌లో మొదటి గేరు వేసి తాళం తిప్పాడు. స్టార్టర్ మూలుగుతూనే ఎనిమిది టన్నుల్ని ముందుకి ఈడ్చింది. ఇంజన్ అందుకుంది. ట్రక్కు కప్పలా గెంతుకుంటూ కదిలింది. శత్రువు బండిని, శత్రువు కోసం, శత్రువు తుపాకీ కింద ఇంత ప్రాణం పెట్టి నడిపిన ఏజెంట్ డిపార్ట్‌మెంట్ చరిత్రలో ఇంకొకడు లేడు. యాక్సిలరేటర్ వదిలి, లివర్ న్యూట్రల్‌కి లాగి, చప్పుడు దిగేదాకా ఆగి, రెండులోకి నెట్టాడు. పడింది. మూడు. కరకరమని ఒకసారి తిట్టి, పడింది.

మూడో సిగ్నల్ ఎర్రగా కనిపించింది. ఆగితే మళ్ళీ స్టార్టర్ లాగుతుందో లేదో తెలీదు. దూరం నుంచే వేగం చంపుకుంటూ, పాకుతూ వచ్చాడు. ఇరవై గజాలు. పది. ముందున్న కారుకి బారెడు దూరంలో పచ్చ పడింది. వెనక రేకు మీద చప్పుడు లేదు. ఇరవై మూడుకి తట్టే వీలు లేదు, చేతులు రెండూ పనిలో ఉన్నాయి. "అక్కా, ఇంకొంచెం," అని లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాడు.

పన్నెండూ ఇరవై ఒకటి. పోర్టు గేటు. ఎదురుగా వేబ్రిడ్జి, దాని ముందు చిన్న ఎత్తు. మూడో గేరులో ఉన్నాడు. కిందకి దించాలి. దించలేదు.

"గేరు మార్చు," అన్నాడు నిమ్మళం.

ముందు చక్రాలు పలక మీదకెక్కాయి. వెనక చక్రాలు ఎత్తు మీద ఉండగా ఇంజన్ దగ్గింది, వణికింది, చచ్చింది. బరువంతా వెనక్కి లాగుతూ గేరు పళ్ళ మీద పడింది. క్లచ్ లేకుండా ఇక ఆ లివర్‌ని ఆంజనేయుడు కూడా పీకలేడు. మూడో గేరులో, ఎత్తు మీద, స్టార్టర్ ఎనిమిది టన్నుల్ని కదపలేదు.

ఆ కుదుపుకి నిమ్మళం ముందుకి తూలాడు. తెల్ల గ్లవ్స్ రెండూ సీటు మీదుగా వచ్చి పిస్టల్‌ని ఒక మెలిక తిప్పి తీసేసుకున్నాయి. అద్దం మీద ఎవరో టకటకా కొట్టారు. వేబ్రిడ్జి గుమస్తా టోపీలో పెద్దాయన.

"రూల్ పదకొండు సార్. బండి చెడిపోయింది. దిగాలి."

"ఇది అన్యాయం!" అని అరిచాడు నిమ్మళం. ఫైళ్ళలో రాసుకోదగ్గ విషయం అది, అతను అరవడం.

నారింజరంగు జాకెట్ల వాళ్ళు సీలు తెంపి దొంగ గోడ పీకారు. పెట్టె మూత లేచేసరికి పన్నెండూ ముప్ఫై ఒకటి. అక్క కళ్ళు మూసుకుని ఉంది. ఇరవై మూడు రెండు చేతుల్తో బయటికి ఎత్తుకున్నాడు. మడ్డి చేతులతో ఆవిడ చెంపలు తట్టాడు. ఏజెంటన్న సంగతి మర్చిపోయి, అందరి ముందూ, "అక్కా, అక్కా" అని గట్టిగా ఏడ్చాడు.

అక్క దగ్గింది. కళ్ళు తెరిచింది.

"దార్లో ఆగిందెందుకురా?"

"లెక్క తప్పిందక్కా. ముప్ఫై ఆరు తొక్కులు రావాలి. పద్దెనిమిదికే అయిపోయింది."

చెయ్యి బలహీనంగానే లేచింది గానీ మొట్టికాయ సరైన చోటే పడింది. "సగానికి సగమా!"

"ఆ సగం నాదండీ," అంది మేడమ్, కళ్ళద్దాలు తీసి. "మా నాన్న లారీ డ్రైవరు. పై జాయింట్ వదిలింది నేనే. నాకూ ముప్ఫై ఆరే వచ్చింది. ఒకరితో ఒకరు మాట్లాడొద్దన్నారు."

అక్క తల తిప్పి పెద్దాయన వైపు చూసింది. పెద్దాయన గుమస్తా టోపీ సర్దుకోవడంలో మునిగిపోయాడు.

* * *

రూల్ పదకొండుకి రెండో పేరా కూడా ఉందని మధ్యాహ్నం మూడింటికి తెలిసింది. లాక్కెళ్ళిన బండిని నడిచే స్థితిలో తిరిగి అప్పగించాలి. ట్రేడ్ మిషన్ నుంచి ఆ మేరకు చాలా మర్యాదైన లేఖ వచ్చింది.

పోర్టు వర్క్‌షాప్‌లో ఇరవై మూడు మళ్ళీ అట్టముక్క పరుచుకుని ట్రక్కు కిందకి దూరాడు. పై జాయింట్ బిగించి వచ్చిన మేడమ్ పెడల్ మీద కాలు పెట్టింది. తెల్ల గ్లవ్స్ నల్లబడి ఉన్నాయి. భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుని, డాక్టరు పడుకోమన్నా వినకుండా, ఆయిల్ సీసా పట్టుకుని అక్క డబ్బా పక్కన నిలబడింది.

"పట్టుకోండి మేడమ్," అన్నాడు ఇరవై మూడు కిందనుంచి.

"పట్టుకున్నాను," అంది మేడమ్ పైనుంచి.

"ఇదిగో, మీ ఇద్దరికీ చెబుతున్నా," అంది అక్క. "ఈసారి తప్పు చేసేముందు ఒకరికొకరు చెప్పుకుని చెయ్యండి."